స్మోకీ కొండల పాత ఇళ్ళు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో టెనెసీ, నార్త్ కరొలైనా రాష్ట్రాల సరిహద్దున ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు గురించి గత సంచికలో ఒక యాత్రా వ్యాసం ప్రచురించాము. అట్లాంటా, షార్లెట్ పరిసరాల తెలుగు కుటుంబాలు నాలుగు రోజులు సెలవు దొరికితే బయలుదేరే చోటు కనుక ఉత్తరాలు వస్తాయని అనుకున్నాము. అయితే వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎలుగుబంట్ల గురించో జలపాతాల గురించో కాక, ఆ కొండల నడుమ నిలిచి ఉన్న పాత ఇళ్ళ గురించి కావడం మాకు సంతోషం కలిగించింది. ఆ పార్కులో ఇళ్ళు, కొట్టాలు, పిండి మరలు, చర్చిలు, బడులు కలిపి 90కి పైగా చారిత్రక కట్టడాలు ఉన్నాయి. వాటి గురించి మీరడిగిన వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేషనల్ పార్కు అంటే అడవి, జంతువులు అనుకున్నాము. కేడ్స్ కోవ్ లోయలో తిరుగుతుంటే దారి పొడుగునా ఇళ్ళు, చర్చిలు, సమాధులు కనిపించాయి. అడవిలో ఊరు ఎలా వచ్చింది? ఆ మనుషులు ఏమయ్యారు? (షార్లెట్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అడవిలోకి ఊరు రాలేదు, ఊళ్ళు ఉన్న చోటికే పార్కు వచ్చింది. ఎల్లోస్టోన్ వంటి పశ్చిమ ప్రాంతపు పార్కులు చాలా మటుకు అప్పటికే ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉన్న భూముల్లో ఏర్పడ్డాయి. స్మోకీ కొండల్లో పరిస్థితి వేరు. అక్కడి భూమిలో అత్యధిక భాగం కలప కంపెనీల సొత్తు కాగా, మిగిలినది వేలాది చిన్న కమతాలుగా రైతు కుటుంబాల చేతిలో ఉండేది. 1926లో అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం చేసిన చట్టం పార్కుకు అనుమతి ఇచ్చింది గాని, భూమి కొనడానికి డబ్బు ఇవ్వలేదు. రెండు రాష్ట్రాలు చెరి 20 లక్షల డాలర్లు కేటాయించాయి. బడిపిల్లల చిల్లర డబ్బులతో సహా ప్రజల విరాళాలు వచ్చాయి. అవీ చాలకపోతే జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ తన తల్లి పేరిట ఉన్న నిధి నుంచి 50 లక్షల డాలర్లు సమకూర్చారు. 1934లో పార్కు ఏర్పడింది; 1940 సెప్టెంబరు 2న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ కనుమ దగ్గర దానిని జాతికి అంకితం చేశారు.

మీ రెండో ప్రశ్న మన పాఠకులకు కొత్తది కాదు. ప్రాజెక్టుల కింద ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితుల కథలు మనకు బాగా తెలుసు. అక్కడ జరిగినదీ అలాంటిదే. కేడ్స్ కోవ్ రైతులకు, మీ పొలాల జోలికి రాబోమని మొదట్లో పెద్దలు మాట ఇచ్చారు. తరువాత రాష్ట్రాలకు బలవంతపు భూసేకరణ అధికారం దక్కింది. ఆ లోయలో తొలిగా స్థిరపడిన జాన్ ఆలివర్‌కు మునిమనుమడైన జాన్ డబ్ల్యు. ఆలివర్ కోర్టుకెక్కి ఏళ్ళ తరబడి పోరాడాడు. కింది కోర్టులో గెలిచినా చివరకు ఓడిపోయి, 1937లో తన తాతముత్తాతల నేలను విడిచి వెళ్ళాడు. పార్కు ఉద్యమానికి నాయకుడైన కర్నల్ చాప్‌మన్‌ను మా జోలికి రావద్దని, నలభై మైళ్ళ దరిదాపులకు కూడా రావద్దని హెచ్చరిస్తూ లోయవాసులు బోర్డు కూడా పెట్టారు.

అందరినీ ఒక్కసారిగా పంపించలేదు. తక్కువ ధరకు ఒప్పుకున్నవారికి, బతికి ఉన్నంతకాలం అక్కడే ఉండేలా లీజు ఇచ్చారు. అలా మిగిలినవారిలో వాకర్ అక్కచెల్లెళ్ళ పేరు అందరికీ తెలుసు. పెళ్ళి చేసుకోని ఐదుగురు అక్కచెల్లెళ్ళు లిటిల్ గ్రీన్‌బ్రయర్ అనే చోట తండ్రి ఇచ్చిన దుంగల ఇంట్లో ఉంటూ, గొర్రెల ఉన్ని వడుకుతూ, తమ తిండి తామే పండించుకుంటూ బతికారు. దాదాపు 123 ఎకరాలను 4,750 డాలర్లకు ఇచ్చి, ఇంట్లో ఉండే హక్కు నిలుపుకున్నారు. 1946లో ఒక పెద్ద వారపత్రిక వారి గురించి రాయడంతో సందర్శకుల తాకిడి మొదలైంది. కొంతకాలం వారు వచ్చిన వారికి వేయించిన ఆపిల్ పైలు అమ్మారు కూడా. 1953 నాటికి మిగిలిన ఇద్దరు, తమకు వయసు మీరిపోయిందని, సందర్శకులకు స్వాగతం పలికే బోర్డు తీసివేయమని పార్కు అధికారికి ఉత్తరం రాశారు. చివరి సోదరి లూయీసా 1964లో మరణించింది. కేడ్స్ కోవ్‌లోనైతే చివరి నివాసి 1999 దాకా ఉన్నాడు. అంటే ఆ లోయ పూర్తిగా ఖాళీ అయి ఇంకా మూడు దశాబ్దాలైనా కాలేదు.

ప్రశ్న: కేడ్స్ కోవ్‌లో చూసిన ఇళ్ళన్నీ చిన్న చిన్న దుంగల గుడిసెల్లాగే ఉన్నాయి. 1930లలో కూడా వారు అంత వెనుకబడి ఉండేవారా? (అట్లాంటా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ మాకు ముఖ్యమని తోచినది ఇదే. లేదు, వారు అలా ఉండేవారు కాదు. కేడ్స్ కోవ్‌లో 1850 నాటికే 685 మంది జనాభా ఉండేది. పోస్టాఫీసు, బడులు, చర్చిలు, దుకాణాలు ఉండేవి; తరువాత టెలిఫోను లైను, కార్లు కూడా వచ్చాయి. పార్కు వచ్చేనాటికి లోయలో చాలా కుటుంబాలు రంపంతో కోసిన పలకలతో కట్టి, రంగులు వేసుకున్న ఇళ్ళలో ఉన్నాయి. ఆ ఇళ్ళు ఇప్పుడు కనిపించకపోవడానికి కారణం అవి కూలిపోవడం కాదు, పార్కు వారే తీసివేయడం. 1930, 40లలో ఏ ఇళ్ళు ఉంచాలో ఎంపిక చేసినవారికి కావలసింది తొలి వలసదారుల జీవితం. అందువల్ల గొడ్డలితో చెక్కిన దుంగల ఇళ్ళను ఉంచి, పలకల ఇళ్ళలో చాలావాటిని, దుకాణాలను, కొత్త కొట్టాలను తొలగించారు.

ఈ ఎంపిక వల్ల జరిగిన నష్టం చిన్నది కాదని మా అభిప్రాయం. 1820 నుంచి 1930 దాకా బతికి, మారుతూ, లోకంతో పాటు నడిచిన ఒక ఊరిని, కాలం ఆగిపోయిన ఊరిగా చూపించినట్లయింది. చూసిన ప్రతివారూ మీలాగే, పాపం, వీరు ఇంత వెనుకబడి ఉన్నారా అనుకుని వెళ్తారు. ఖాళీ చేయించినవారికి ఆ అభిప్రాయం అనుకూలంగా ఉంటుంది గాని, ఖాళీ చేసినవారికి అది న్యాయం కాదు.

అయినా ఆనవాళ్ళు పూర్తిగా పోలేదు. కేబుల్ మర అనే నీటి మర దగ్గర నిలిచిన గ్రెగ్-కేబుల్ ఇంటిని చూడండి. 1879లో కట్టిన ఆ పలకల ఇల్లు, లోయలో ఆ రకం ఇళ్ళలో బహుశా మొదటిది. వేరే చోట ఉన్నదాన్ని అక్కడికి తరలించారు. హెన్రీ వైట్‌హెడ్ ఇల్లు ఇంకా ఆసక్తికరమైనది. భర్త విడిచిపెట్టి వెళ్ళిన మటిల్డా షీల్డ్స్ గ్రెగరీ అనే స్త్రీకి ఆమె అన్నదమ్ములు తొందర తొందరగా ఒక మోటు గది కట్టి ఇచ్చారు. తరువాత ఆమెను పెళ్ళి చేసుకున్న వైట్‌హెడ్ దాని పక్కనే, 1890ల నడుమ, రంపంతో నలుచదరంగా కోసిన దుంగలతో, ఇటుకల పొగగొట్టంతో చక్కని ఇల్లు కట్టాడు. రెండూ ఆనుకునే ఉన్నాయి. ఒకటి రాతి పొగగొట్టంతో, ఎగుడుదిగుడు దుంగలతో ఉంటే, రెండోదాని గోడ దూరం నుంచి పలకల గోడేమో అనిపిస్తుంది. ఒక్క స్త్రీ జీవితకాలంలో కట్టుబడి ఎంత మారిందో ఆ రెండు గోడల మధ్య నిలబడి చూడవచ్చు.

నార్త్ కరొలైనా వైపున్న కాటలూచీ లోయలో ఎంపిక కొంత మెరుగ్గా జరిగింది. 1910లో అక్కడ దాదాపు 1,200 మంది ఉండేవారు. 1900ల తొలి సంవత్సరాల్లో కట్టిన కాల్డ్‌వెల్ ఇల్లు, 1869లో నడుమ ఖాళీ నడవతో దుంగల ఇల్లుగా మొదలై తరువాత పలకల తొడుగు వేసుకున్న పామర్ ఇల్లు, 1898 నాటి పామర్ చాపెల్, 1901 నాటి బీచ్ గ్రోవ్ బడి అక్కడ నిలిచాయి. ఆ లోయ విడిచి వెళ్ళిన కుటుంబాల వారసులు వేసవిలో ఆ చాపెల్ దగ్గర కలుసుకునే ఆనవాయితీ ఉంది.

ప్రశ్న: కొయ్య ఇల్లు రెండు వందల ఏళ్ళు ఎలా నిలుస్తుంది? మా ఊళ్ళో టేకు దూలాలకే చెదలు పడతాయి. (గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు, వీరి కుమార్తె టెనెసీలో ఉంటారు)

జవాబు: నిలబెట్టేవారు ఉంటేనే నిలుస్తుంది. అయితే కట్టినవారి తెలివి కూడా తక్కువది కాదు. 1820ల తొలి సంవత్సరాల్లో కట్టిన జాన్ ఆలివర్ ఇంటి మూల దగ్గర నిలబడి చూడండి. దుంగల చివరలను ఒక పక్కకు వాలుగా చెక్కి ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టారు. పై దుంగ బరువే కింది దుంగను బిగించి పట్టుకుంటుంది. మేకు గాని, చీల గాని అక్కరలేదు. పైగా ఆ వాలు మీదుగా వాన నీరు బయటికి జారిపోతుంది. దుంగల నడుమ సందులను మట్టితో పూడ్చారు. అడుగు దుంగ నేలకు తగలకుండా మూలలను రాళ్ళ మీద ఎత్తి నిలబెట్టారు కనుక కింద గాలి ఆడుతుంది. పైకప్పుకు చీల్చిన చెక్క పెంకులు. తలుపులు, కిటికీలు చిన్నవి, చలికాలంలో వేడి బయటికి పోకుండా.

కొయ్య ఎంపిక మరో రహస్యం. ఆ కొండల్లో ట్యూలిప్ పాప్లర్ చెట్లు నిటారుగా, కొమ్మలు లేకుండా చాలా ఎత్తు పెరుగుతాయి. అంతకన్నా గొప్పది అమెరికన్ చెస్ట్‌నట్. త్వరగా కుళ్ళదు, నిలువునా చక్కగా చీలుతుంది. నార్త్ కరొలైనా వైపు ఒకోనాలఫ్టీ దగ్గర ఉన్న పాతకాలపు రైతువాడ ప్రదర్శనశాలలో జాన్ డేవిస్ కట్టిన ఇల్లు పూర్తిగా చెస్ట్‌నట్‌దే. ఆయన ఒక్కొక్క మానును నడిమికి చీల్చి, ఒక సగాన్ని ఈ గోడకు, రెండో సగాన్ని ఎదుటి గోడకు వాడాడు కనుక ఎదురెదురు గోడలు ఒకదానికొకటి జతగా ఉంటాయి. పొగగొట్టానికి కావలసిన రాళ్ళను ఎనిమిదేళ్ళ, నాలుగేళ్ళ కొడుకులిద్దరూ ఎడ్లు లాగే బల్లబండి మీద చేరవేశారట. ఇంటి పని 1900 ప్రాంతంలో పూర్తయింది. 1904లో న్యూయార్క్‌లో కనిపించిన ఒక శిలీంధ్ర తెగులు 1930, 40ల నాటికి ఈ కొండల్లోని చెస్ట్‌నట్ మానులను దాదాపు అన్నిటినీ చంపివేసింది. అలాంటి మాను మళ్ళీ దొరకదు. ఆ ఇంట్లో ఒక దుంగ పోతే, దానితో పాటు ఆ చెట్టు జాతికి మిగిలిన గుర్తుల్లో ఒకటి పోయినట్లే.

ఇక నిర్వహణ. చెదలూ కొయ్య పురుగులూ అక్కడా ఉన్నాయి. దానికి తోడు ఆ కొండల్లో వానలు ఎక్కువ, చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. పార్కులో పాత పద్ధతులు నేర్చిన వడ్రంగుల బృందం ఉంది. వారు చెక్క పెంకులను కొన్నేళ్ళకొకసారి మారుస్తారు, సందుల్లో మట్టి రాలిపోతే మళ్ళీ పూడుస్తారు, అడుగు దుంగ పుచ్చితే పైగోడను జాకీలతో ఎత్తి, పుచ్చిన మేరకే కోసి, వీలైనంతవరకు అదే జాతి కొయ్య ముక్కను అతుకుతారు. మొత్తం దుంగను మార్చడం తేలిక. పుచ్చిన జానెడు మాత్రమే మార్చడం కష్టం. వారు కష్టమైన పద్ధతినే ఎంచుకోవడం మాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

ప్రశ్న: ఆ నీటి మరలు నిజంగా అక్కడివేనా, ప్రదర్శనకు తెచ్చి పెట్టినవా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండు పెద్ద మరలూ అసలు చోట్లోనే ఉన్నాయి. కేడ్స్ కోవ్‌లోని కేబుల్ మర 1860ల చివరి నాటిది. కాలువ నీరు పైనుంచి పడి పెద్ద కొయ్య చక్రాన్ని తిప్పుతుంది. ఒకోనాలఫ్టీ దగ్గరి మింగస్ మర 1886 నాటిది. అక్కడ చక్రం కోసం వెతకకండి. నీటి ఒత్తిడితో తిరిగే ఇనుప టర్బైను లోపల ఉంటుంది. కొండ జనం కొత్త యంత్రాలను ఎరుగరన్న అపోహకు అదొక్కటి చాలు జవాబు.

అయితే కేబుల్ మర చుట్టూ ఉన్న కట్టడాలలో చాలావాటిని లోయలోని వేరే చోట్ల నుంచి తెచ్చారు. టిప్టన్ వారి స్థలంలో కనిపించే పెద్ద చూరుల కొట్టం, పూర్వం అక్కడున్నదానికి ప్రతికృతి. ఒకోనాలఫ్టీ రైతువాడ ఇళ్ళన్నీ పార్కు నలుమూలల నుంచి చేర్చినవే. కొట్టం ఒక్కటే ఆ స్థలానికి చెందినది. నాగార్జునసాగర్ నీరు రాకముందు నాగార్జునకొండ కట్టడాలను కొండ మీదికీ అనుపుకీ తరలించిన సంగతి ఎరిగిన మనకు తరలింపు తప్పు అనిపించదు. అక్కడ మునిగిపోకుండా కాపాడటానికి తరలించారు. ఇక్కడ చాలావరకు సందర్శకుల సౌకర్యం కోసం ఒక చోట చేర్చారు. ఆ తేడా గుర్తుంచుకుని చూస్తే మంచిది. ఇల్లు ఎక్కడ ఉండేదో తెలియకపోతే బావి ఎంత దూరమో, పొరుగువారు ఎవరో తెలియదు.

ప్రశ్న: తెల్లవారికన్నా ముందు ఆ కొండల్లో ఉన్న చెరొకీల ఇళ్ళు ఒక్కటీ చూపించరెందుకు? (హైదరాబాదు నుంచి ఒక చరిత్ర ఉపాధ్యాయిని)

జవాబు: సరైన ప్రశ్న. కేడ్స్ కోవ్ కూడా చెరొకీల నేలే. జాన్ ఆలివర్ కుటుంబం 1818లో వచ్చింది. చెరొకీలు ఆ ప్రాంతాన్ని ఒప్పందం ద్వారా వదులుకున్నది 1819లో. తొలి చలికాలం చెరొకీలు ఇచ్చిన ఎండబెట్టిన గుమ్మడికాయే తమను బతికించిందని ఆలివర్ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకున్నారు. ఇరవై ఏళ్ళకే, 1838లో, చెరొకీ జాతిలో అత్యధికులను సైన్యం బలవంతంగా పడమటికి నడిపించింది. ఆ దారిలో వేలమంది చనిపోయారు. కొండల్లో తప్పించుకున్నవారు, అంతకుముందే వేరుగా భూములు పొందినవారు మిగిలి, తూర్పు చెరొకీ తెగగా నిలిచారు. పార్కు దక్షిణ అంచున, ఒకోనాలఫ్టీకి కాస్త దూరంలో ఉన్న చెరొకీ పట్టణం వారిదే.

కేడ్స్ కోవ్ లోయలో నిలిపిన ఇళ్ళన్నీ వలస వచ్చినవారివి. చెరొకీల ఇళ్ళు నిలిచి ఉండేందుకు మనుషులనే ఉండనివ్వలేదు కదా. కట్టడాలు లేని చోట పేర్లు కొంత పని చేస్తాయి. పార్కులో ఎత్తయిన శిఖరాన్ని చాలాకాలం క్లింగ్‌మన్స్ డోమ్ అన్నారు. తెగ కోరిక మేరకు 2024 సెప్టెంబరులో కువోహి అనే చెరొకీ పేరు తిరిగి ఇచ్చారు. ఒకోనాలఫ్టీ రైతువాడ చూసినవారు అదే రోజు చెరొకీ పట్టణంలోని వారి ప్రదర్శనశాల కూడా చూసి తీరాలి. లేకపోతే చూసినది సగమే.

ప్రశ్న: ఎల్క్‌మాంట్‌లో రంగు రంగుల కుటీరాలు వరుసగా ఉన్నాయి. అవి రైతుల ఇళ్ళలా లేవు. అవెందుకు కాపాడారు? (నాక్స్‌విల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అవి కలిగినవారి వేసవి విడుదులు. ఎల్క్‌మాంట్ మొదట కలప కంపెనీ శిబిరం. చెట్లు నరికేకొద్దీ దుంగలు మోసే రైలు మార్గం మీదుగానే నాక్స్‌విల్ ప్రముఖులు వచ్చి, 1910 ప్రాంతంలో అప్పలాచియన్ క్లబ్ పెట్టుకుని కుటీరాలు కట్టుకున్నారు. పార్కు వచ్చాక వారికీ లీజులు దొరికాయి. వాటిలో చాలా భాగం 1992 వరకు సాగాయి. తరువాత అన్నిటినీ కూల్చి అడవికి వదిలేయాలని పార్కు యోచన. అంతలో 1994లో ఆ స్థలం జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది. అక్కడి నుంచి పదిహేనేళ్ళ వాదోపవాదాలు జరిగాయి. ఆ మధ్యలో, 2005లో, వండర్‌ల్యాండ్ హోటల్ దానంతట అదే కూలిపోయింది. 2009లో 18 కుటీరాలనూ క్లబ్ భవనాన్నీ ఉంచి, మిగిలినవి తీసివేయాలని నిర్ణయించారు.

రైతుల పలకల ఇళ్ళను నాడే తీసివేసి, ధనికుల విడుదులను కాపాడారన్న బాధ కొందరికి ఉంది, అది న్యాయమైన బాధే. అయినా వాటిని నిలపడం సరైన పనేనని మేము అనుకుంటున్నాము. 1930లలో చేసినట్లు కొత్తవన్నీ తీసేసి పాతవే ఉంచడం తప్పని ఒప్పుకున్నాక, అదే తప్పు మళ్ళీ ఎల్క్‌మాంట్‌లో చేయకూడదు.

ప్రశ్న: ఇళ్ళ లోపల గోడలనిండా పేర్లు చెక్కి ఉన్నాయి. అంత పెద్ద పార్కువారు వాటిని చెరిపివేయలేరా? (షార్లెట్ నుంచి మరో పాఠకుడు)

జవాబు: సున్నం గోడ అయితే వెల్ల వేయవచ్చు. గొడ్డలితో చెక్కిన దుంగ మీద పేరు చెరపాలంటే ఆ పొరను చిత్రిక పట్టాలి. అప్పుడు పేరుతో పాటు, రెండు వందల ఏళ్ళ కిందటి గొడ్డలి గాట్లు కూడా పోతాయి. దుంగనే మార్చుదామంటే అసలుది పోయి నకలు మిగులుతుంది. అందుకే చాలా గీతలు అలాగే ఉన్నాయి. ఫెడరల్ చట్టం ప్రకారం ఇది ఆరు నెలల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా పడే నేరం. మీతో పిల్లలు ఉంటే లోపలికి వెళ్ళేముందే ఈ సంగతి చెప్పండి, తాళంచెవులు, పెన్నులు మీ దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్తున్నాము. ఎక్కువ నడవలేరు. ఏవి చూపించమంటారు? (అట్లాంటా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ప్రవేశ రుసుము లేదు గాని, 15 నిమిషాలకు మించి కారు నిలిపితే పార్కింగ్ ట్యాగు కావాలి, 2023 మార్చిలో పెట్టినప్పుడు రోజుకు 5, వారానికి 15, ఏడాదికి 40 డాలర్లు. నడవలేనివారికి ఒకోనాలఫ్టీ రైతువాడ అన్నిటికన్నా అనువైనది. నేల చదునుగా ఉంటుంది, ఇళ్ళన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి, మింగస్ మర కారులో రెండు నిమిషాల దూరం. కేడ్స్ కోవ్‌లో 11 మైళ్ళ చుట్టుదారి ఒకవైపే సాగుతుంది. రద్దీ రోజుల్లో గంటలు పడుతుంది కనుక తెల్లవారే వెళ్ళండి. మే నెల నుంచి సెప్టెంబరు చివరి దాకా బుధవారాలు అక్కడికి కార్లను రానివ్వరు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి. దారిలో మెథడిస్టు చర్చి దగ్గర ఆగండి. 1902లో ఒక వడ్రంగి దాన్ని 115 రోజుల్లో, 115 డాలర్లకు కట్టాడని చెబుతారు. తరువాత కేబుల్ మర దగ్గర మరుగుదొడ్లు, కూర్చోవడానికి చోటు ఉన్నాయి. వాకర్ అక్కచెల్లెళ్ళ ఇంటికి మైలుకు పైగా అడవి బాట కనుక పెద్దవారిని తీసుకువెళ్ళవద్దు. కాటలూచీ దారి ఇరుకైన కొండ మట్టిరోడ్డు. 2024 సెప్టెంబరు నాటి హెలీన్ తుపానుకు ఆ వైపు దారులు బాగా దెబ్బతిన్నాయి. బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైటులో ఆ రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోండి.